ఎదురెదురు శిల్పశాలలు, ఒకే లైసెన్సు

ముప్పయ్యారేళ్లకే వృత్తి అనుభవాలు రాస్తున్నానంటే మా నాయన నవ్వాడు. "రిటైరైనోళ్లు రాస్తారప్పా అట్లాటివి. నువ్వు యాడ రిటైరైనావు?" అన్నాడు.

అయ్యాననే నా లెక్క. ఇంజనీరింగ్ అయిన దగ్గర్నుంచి నంద్యాలలో ఒక చిన్న వెబ్‌సైట్ల కంపెనీలో పనిచేశాను. ఇప్పుడు మా కుటుంబం నడిపే పైపుల దుకాణంలో కూర్చుంటున్నాను. మళ్లీ ఆ పనికి పోను. ఒక పని ఇక చేయనని తేలిపోయాక దాని గురించి నిజం చెప్పవచ్చు. దానికి తల నెరిసేదాకా ఆగనక్కర్లేదు.

ఈ రాత ఆ పనిలోకి కొత్తగా వెళ్లేవాళ్ల కోసం. జీతాలు, ప్రమోషన్ల సంగతి వదిలేస్తాను. ఒకే ఒక్క కేసు వివరంగా చెబుతాను. అందులో సాంకేతిక విషయం ఉంది. అంతకంటే ఎక్కువగా అసూయ ఉంది. అందులో పెద్ద వాటా నాదే.

పని ఏమిటంటే

మా కంపెనీ నడిపింది మల్టీసైట్ నెట్‌వర్క్. షాపింగ్ కాంప్లెక్సును ఊహించుకోండి. కట్టడం ఒకటే, బోరు ఒకటే, కరెంటు మీటరు ఒకటే. షట్టర్లు మాత్రం వేరు, బోర్డులు వేరు. మా కాంప్లెక్సులో పాములపాడు విత్తనాల వ్యాపారి ఉన్నాడు, బెలుం గుహల దగ్గర గైడ్ల బృందం ఉంది, నంద్యాల బట్టల దుకాణాలున్నాయి, ఆళ్లగడ్డ శిల్పశాలలున్నాయి. అందరి సైట్లూ ఒకే చోట నడుస్తాయి. ఎవరి సైటు వారికి సొంతంలా కనిపిస్తుంది.

సైటు పైకి కనిపించే రూపాన్ని థీమ్ అంటారు. మేము వాడిన థీమ్ కొనుక్కున్నది. కొన్నవాళ్లకు లైసెన్స్ కీ ఇస్తారు. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరుస అది. దాన్ని సైటులో పెట్టి ఒక నీలం బటన్ నొక్కితే, థీమ్ అమ్మినవాళ్ల సర్వర్ ఆ సైటు చిరునామాను రాసుకుని 'దీనికి హక్కుంది' అంటుంది. ఆ తర్వాత రోజూ ఒకసారి సరిచూసుకుంటుంది. హక్కు లేదని తేలినా సైటు మూతపడదు. ఫోటోల గ్యాలరీ పోతుంది, కదిలే బ్యానర్ పోతుంది. పేరు, ఫోన్ నంబరు మిగిలి సైటు బోడిగా నిలబడుతుంది.

మన దృష్టిలో అది చిన్న లోపం. శిల్పి దృష్టిలో, అతను చెక్కిన విగ్రహాలన్నీ ఎవరో ఎత్తుకుపోయినట్టు. ఈ తేడా అర్థం కానివాళ్లు ఈ పనిలోకి రాకపోవడం మంచిది.

షఫీ

షఫీ నా తర్వాత చేరాడు. మాది ఒకే కాలేజీ, ఒకే బ్రాంచి. నన్ను అన్నా అని పిలిచేవాడు. పనిలో నాకంటే తక్కువవాడు కాదు. తక్కువవాడైతే నాకు ఏ బాధా ఉండేది కాదు.

నా పద్ధతి వేరు. ఏ ఫిర్యాదు వచ్చినా ముందు కారణాల జాబితా రాస్తాను, ఎక్కువ అవకాశం ఉన్నది పైన, తక్కువది కింద. ఒక్కోటి కొట్టేసుకుంటూ వస్తాను. షఫీ ఫోనెత్తి, "ఏంది పెద్దాయనా, అన్నం తిన్యావా?" అని మొదలుపెడతాడు. నేను మూడో కారణం దగ్గర ఉండగానే అతనికి సమాధానం దొరికేది. అన్నిసార్లూ కాదు. కానీ అతనికి దొరికిన సార్లే అందరికీ గుర్తుండేవి.

ప్రతి సైటు అడుగునా సహాయం కోసం నా నంబరే ఉండేది. అయినా జనం అతనికి ఫోన్ చేసేవాళ్లు. నాకు చేసినవాళ్లు కూడా, "షఫీ లేడా?" అని అడిగి, లేడంటే "సరే, మళ్లీ చేస్తాలే" అని పెట్టేసేవాళ్లు. బట్టల దుకాణం వాళ్ల ఇంట్లో పెళ్లికి ఆఫీసుకు శుభలేఖ వస్తే దాని మీద అతని పేరు ఒక్కటే ఉంది. ఆ దుకాణం సైటు కట్టింది నేను.

అసూయ పనికి అడ్డం అని పెద్దలు చెబుతారు. నా అనుభవం అలా లేదు. షఫీని చూసి కుళ్లుకున్న రోజుల్లోనే నేను అందరికంటే శ్రద్ధగా పనిచేశాను. సుఖంగా మాత్రం చేయలేదు.

మా యజమాని మధుసూదన్ సార్‌కు ఇవన్నీ తెలుసు. ఒకరోజు ఇద్దరినీ పిలిచి, "నెట్‌వర్కు మొత్తం ఒగరి చేతిలో పెట్టాల. మీ ఇద్దర్లో ఎవురనేది ఆళ్లగడ్డ గోల తెగినంక చెప్తా" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఆ నెట్‌వర్కు తప్ప వేరే ధ్యాస లేదు.

ఆళ్లగడ్డ గోల

ఆళ్లగడ్డలో వీరాచారి, మోహనాచారి అన్నదమ్ములు. తండ్రి చనిపోయాక శిల్పశాల పంచుకున్నారు. రోడ్డుకు ఒకపక్క అన్న పాక, ఎదురుగా తమ్ముడి పాక. రెండింటికీ తండ్రి పేరే. ముందు అన్న మా దగ్గర సైటు పెట్టించుకున్నాడు. ఆ వారంలోనే తమ్ముడు వచ్చాడు.

కొంతకాలం బాగానే నడిచింది. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఒకరోజు వీరాచారి: "నా బొమ్మలన్నీ పోయినాయి. మావోనివి మాత్రం దగదగా మెరుస్తాండాయి." మర్నాడు మోహనాచారి: "మాయన్నవి ఉండాయి, నావి ల్యావు. ఏంది మీ కత?" ఆ మర్నాడు మళ్లీ అన్న. ఇద్దరి సైట్లూ ఒకేసారి పోవు. ఇద్దరివీ ఒకేసారి ఉండవు.

ఆ రోజుల్లోనే కడప వైపు నుంచి ఒక గుడి కమిటీ వాళ్లు వెంకటేశ్వరస్వామి విగ్రహం చేయించడానికి శిల్పిని వెతుకుతున్నారు. ముందు ఫోన్‌లో ఫోటోలు చూసుకుని, నచ్చినవాళ్ల పాకకు వస్తామన్నారు. అన్నదమ్ములిద్దరికీ ఆ పని కావాలి. వాళ్లు చూసే రోజున ఎవరి సైటు బోడిగా ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

నా జాబితా

నేను రాసుకున్న కారణాలు ఇవి. మీకు ఎప్పుడైనా ఇదే ఇబ్బంది వస్తే ఈ వరుసలోనే చూడండి.

కీ గడువు తీరిందేమో చూశాను. తీరలేదు. కొన్న హక్కులకంటే సైట్లు ఎక్కువయ్యాయేమో చూశాను. హక్కులు ఇంకా మిగిలే ఉన్నాయి. మల్టీసైట్‌లో ప్రతి సైటుకూ లోపల ఒక చిరునామా, బయట జనానికి తెలిసిన సొంత చిరునామా ఉంటాయి. థీమ్ పొరపాటున లోపలి చిరునామాను పంపుతోందేమో చూశాను. ఇలాంటి కేసుల్లో ఎక్కువగా తప్పు ఇక్కడే ఉంటుంది. ఇక్కడ మాత్రం సరిగ్గానే పంపుతోంది. మా సర్వర్ నుంచి బయటికి పోయే దారి మూసుకుందా అంటే, మిగతా సైట్లన్నీ హాయిగా హక్కు తెచ్చుకుంటున్నాయి. పాత జవాబును ఎక్కడైనా దాచుకుని చూపిస్తోందేమోనని క్యాష్ అని పిలిచే ఆ దాచిన సరుకంతా తుడిచాను. ఫలితం లేదు.

చివరికి థీమ్ అమ్మినవాళ్ల దగ్గర మా ఖాతా తెరిచి, హక్కున్న చిరునామాలను చూశాను. అక్కడ దొరికింది. అన్న చిరునామా ఉన్న రోజు తమ్ముడిది లేదు. తమ్ముడిది వచ్చిన రోజు అన్నది లేదు. రెండోది అదనంగా చేరడం లేదు, మొదటిదాని చోట్లోకి వస్తోంది.

ఎందుకంటే, కీ పెట్టినప్పుడు ప్రతి సైటుకూ థీమ్ ఒక గుర్తింపు సంఖ్య కల్పించి లోపల దాచుకుంటుంది. ఒక సైటును ఉన్నది ఉన్నట్టు నకలు తీస్తే పేజీలు, ఫోటోలతో పాటు ఆ సంఖ్య కూడా నకలవుతుంది. అమ్మినవాళ్ల సర్వర్‌కు రెండు సైట్లు కనిపించవు. ఒకే దుకాణం రోడ్డు దాటి అవతలికి మారినట్టు కనిపిస్తుంది. అది మారిన ప్రతిసారీ పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసుకుంటుంది.

తమ్ముడి సైటు అన్న సైటుకు నకలు. నకలు తీసిందెవరని పాత పనుల వివరాలు చూశాను. షఫీ పేరు ఉంది.

నాకు కలిగిన సంతోషాన్ని దాచను. కుర్చీలోంచి లేచి, మంచినీళ్లు తాగి, మళ్లీ వచ్చి ఆ పేరు ఇంకోసారి చూసుకున్నాను.

ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందంటే

సార్ గదిలోకి వెళ్లి అంతా వివరించాను. చివర్లో, మామూలు విషయం చెప్పినట్టు, "నకలు తీసింది షఫీ సార్" అన్నాను. సార్ షఫీని పిలిచాడు.

"అవున్సార్, నేనే తీసినా" అన్నాడు షఫీ, కళ్లు కూడా దించకుండా. "మోహనాచారి నా పక్కనే కూచోని, మాయన్నదాని మాదిరే ఉండాల, ఎంటికంత తేడా వచ్చినా ఒప్పుకోను అంటాండె. నకలు తీసి చేతిలో పెట్టినా. దాంట్లో ఇంత కత ఉంటాదని నాకేం తెలుసు! అన్న కాబట్టి పట్టినాడు. నాకైతే ఈ జన్మలో దొరికేది కాదు సార్."

సార్ పడీపడీ నవ్వాడు. షఫీ కూడా నవ్వాడు. తప్పు అతనిది, దాన్ని కనిపెట్టింది నేను. అయినా ఆ గదిలో మెప్పు పొందినవాడు అతనే అనిపించింది. నన్ను మెచ్చుకుని మరీ పొందాడు.

"సరే, ఒగ మాట చెప్పు" అన్నాడు సార్ నాతో. "నకలు ఎప్పుడో తీసినారు. మొన్న మొన్నటిదంక బాగుండె గదా. ఇప్పుడు దినామూ అటూ ఇటూ మార్చేదెవరు?"

రోజువారీ తనిఖీ అన్నాను. రెండు సైట్లలోనూ దాన్ని ఆపి చూశాను. మర్నాడు పొద్దున మళ్లీ మారింది. నా జాబితాలో ఇక కారణాలు లేవు.

"మార్చేదెవరో తేలకుండా ఆ సంఖ్య ముట్టొద్దు. ఇద్దరూ పోయి చూసి రాండి" అన్నాడు సార్.

వీరాచారి పాకలో

షఫీ బండి మీద వెనక కూర్చుని ఆళ్లగడ్డ వెళ్లాను. పాకలో రాతిపొడి తెల్లగా పట్టేసింది. కోత మిషను అరుస్తుంటే మాటలు వినబడటం లేదు. మమ్మల్ని చూసి వీరాచారి మిషను ఆపించాడు. అటు రోడ్డవతల పాకలో కూడా మిషను ఆగింది. ఇక్కడికి ఎవరొచ్చారో వినాలని అక్కడ ఆపేశారన్నమాట.

"రా నాయనా షఫీ" అన్నాడు వీరాచారి. నన్ను చూసి, "ఈయప్ప ఎవురు?" అన్నాడు. నేను అతనితో ఎన్నిసార్లు ఫోన్‌లో మాట్లాడానో చెప్పుకోవడం అనవసరం.

నేను ల్యాప్‌టాప్ తీయబోయాను. షఫీ సగం చెక్కిన ఏనుగు మీద చెయ్యేసి, "దీని తొండం ఎడంకు తిరిగిందేంది పెద్దాయనా, అలిగిందా?" అన్నాడు. వీరాచారి నవ్వి టీ తెప్పించాడు. టీ తాగుతూ ఏనుగు గురించీ, కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చే రాయి గురించీ మాట్లాడుకున్నారు. నేను గడియారం చూసుకుంటున్నాను.

"పెద్దాయనా, పొద్దున లేస్తానే సైటు చూస్తావా?" అన్నాడు షఫీ మాటల్లో మాటగా.

"చూడకుండా ఎట్లుంటా? ముందు మావోనిది చూస్తా."

"మీది కాదా ముందు?"

"నాది నాకు తెలుసు గదప్పా. వానిదే చూడాల." వీరాచారి ఫోన్ మీది దుమ్ము పంచెకు తుడిచి మాకు చూపించాడు. "వానివి బొమ్మలు కనపడితే నావి ఉండవు. అప్పుడు లోపలికి పోయి ఈ నీలం బటన్ ఉండాదే, దీన్ని ఒత్తుతా. నావి వచ్చేస్తాయి."

ఫోటోలు పెట్టుకోవడానికని సైటు లోపలికి వెళ్లే అధికారం వాళ్లకు మేమే ఇచ్చాం. లైసెన్స్ పేజీ కూడా అక్కడే ఉందని నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

"అది ఒత్తితే మీ తమ్మునివి పోతాయి, తెలుసా?" అన్నాను.

వీరాచారి నన్ను మొదటిసారి పరీక్షగా చూశాడు. "తెలీకేం? తెలిసే గదా ఒత్తేది."

"మరి మాకెందుకు ఫోన్ చేస్తాండావు పెద్దాయనా?" అన్నాడు షఫీ.

"వాడూ ఒత్తుతాండాడు గదప్పా! ఆ సంగతే చెప్పాలని చేస్తాంటే మీకు అర్థం కాల్యా. వాని బటన్ తీసేయండి."

రోడ్డు దాటి మోహనాచారి దగ్గరికి వెళ్లాం. అతను మేము కూర్చోకముందే అన్నాడు: "నేను కావాలని ఒత్తడం ల్యా. మాయన్న ఒత్తుతాడు కాబట్టి ఒత్తుతాండా. ముందు ఆయప్పది తీసేయండి."

ఇద్దరికీ ఆ బటన్ ఎవరూ నేర్పలేదు. అప్పటిదాకా గుర్తింపు సంఖ్య ఒక్కటే చూసుకున్న తనిఖీ, నకలు పుట్టిన చాలా కాలం తర్వాత వచ్చిన ఏదో నవీకరణతో చిరునామాను కూడా చూడసాగింది; అన్న సైటు 'మళ్లీ కీ పెట్టండి' అని అడిగింది. అన్న బటన్ నొక్కాడు. తమ్ముడి గ్యాలరీ పోయింది. తమ్ముడు వెతికి వెతికి అదే బటన్ నొక్కాడు. అన్న గ్యాలరీ పోయింది. బటన్ దేనికో వాళ్లకు తెలియకపోయినా, అది ఎదుటివాడిని ఏం చేస్తుందో చూశారు. వాళ్లకు అదే చాలింది.

మోహనాచారి పాకలోనే, ఒక రాతి పీఠం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పని ముగించాను. తమ్ముడి సైటులో నకలైన గుర్తింపు సంఖ్య చెరిపేసి, కీ కొత్తగా పెట్టాను. అమ్మినవాళ్ల ఖాతాలో అన్నదమ్ముల చిరునామాలు రెండూ పక్కపక్కన చేరాయి. లైసెన్స్ పేజీ నెట్‌వర్కు నడిపేవాళ్లకు తప్ప ఎవరికీ కనిపించకుండా చేశాను. ఈ కేసు నుంచి మీరు ఒక్కటే నేర్చుకుంటే అది నేర్చుకోండి: సైటు యజమానికి ఫోటోలు మార్చే హక్కు ఇవ్వండి, లైసెన్సు జోలికి మాత్రం రానివ్వకండి.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా నేను ఒక్కటే లెక్క వేసుకున్నాను. సంఖ్య కనిపెట్టింది నేను. సరిచేసింది నేను. బటన్ సంగతి మాత్రం అతను రాబట్టాడు. మూడింట్లో రెండు నావి. సార్‌కు ఈ లెక్క తెలియాలి.

రెండూ బాగున్నప్పుడు

మర్నాడు పొద్దున్నే వీరాచారి ఫోన్. ఈసారి నాకే చేశాడు.

"ఏమప్పా, బటన్ కనపడదే?"

"దాంతో ఇంక పనిలేదు పెద్దాయనా. ఇద్దరి సైట్లూ బాగుండాయి."

"అదే చెప్తాండా. ఇద్దరివీ బాగుంటే నాది బాగున్నట్టు యాడ?"

 ఆ మాట తప్పని నేను అనలేకపోయాను.

గుడి కమిటీ వాళ్లు ఫోటోలు చూసుకుని, వచ్చి, రెండు పాకలూ తిరిగారు. స్వామి విగ్రహం అన్నకిచ్చారు. స్వామికి ఎదురుగా నిలబెట్టే గరుత్మంతుణ్ణి తమ్ముడికిచ్చారు. మోహనాచారికి కోపం వచ్చి ఉంటుందనుకుని ఫోన్ చేశాను. అతను హుషారుగా ఉన్నాడు. "చూసినావాప్పా? మాయన్న చేసిన స్వామి ఎల్లకాలం నా గరుత్మంతునే చూస్తా నిలబడాల" అన్నాడు.

నెట్‌వర్కు ఎవరికి

ఆ వారంలోనే సార్ నన్ను పిలిచాడు. నేను నా లెక్కతో సిద్ధంగా వెళ్లాను. నోరు తెరవకముందే, "నెట్‌వర్కు నువ్వే చూసుకో" అన్నాడు.

మొదట ఆనందం. తర్వాత అనుమానం. "షఫీకి చెప్పినారా సార్?" అన్నాను.

"ముందు వాన్నే అడిగినా. వద్దన్నాడు."

సార్ ఈ మాట నన్ను నొప్పించాలని అనలేదు. ఆయనకు దాంట్లో నొప్పి ఏముందో కూడా తెలియదు. నేను బయటికి వచ్చి షఫీ బల్ల దగ్గర నిలబడ్డాను.

"ఎందుకొద్దన్నావు?"

"ఏంది?"

"నెట్‌వర్కు. సార్ ముందు నిన్నే అడిగినాడంట."

"ఓ, అదా." అతను స్క్రీన్ మీంచి కళ్లు తీయలేదు. "నాకెందుకన్నా ఆ తలకాయనొప్పి? పొద్దున లేస్తే అన్నాదమ్ముల పంచాయితీలు. నీకైతే ఇష్టం గదా."

నన్ను పోటీదారుగా అనుకుని తప్పుకున్నాడంటే భరించేవాణ్ణి. నా మీద జాలిపడి ఇచ్చాడన్నా, కనీసం కోప్పడటానికి ఒక దారి ఉండేది. అతనికి అది అక్కర్లేదు, అంతే. నేను నిద్రలో కూడా కోరుకున్నది అతనికి తలకాయనొప్పి.

మీరూ ఈ పనిలో ఇలాంటి ఒకడి పక్కన కూర్చోవలసి వస్తుంది. అతన్ని మించిపోవడం ఎలాగో నేను చెప్పలేను. మించిపోయినా ఏమీ తేలదని మాత్రం చెప్పగలను.

ఆ రోజు సాయంత్రం ఆఫీసు మూసే వేళకు షఫీ సంచి భుజాన వేసుకుని, "పోయొస్తానన్నా" అని ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. నేను కొత్త కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. కింద అతను బండి తుడుచుకున్నాడు, అద్దంలో జుట్టు సర్దుకున్నాడు, నవ్వుకుంటూ కిక్కు కొట్టాడు. అంత సంతోషంగా ఎక్కడికి పోతున్నాడా అని, బండి మలుపు తిరిగిన తర్వాత కూడా చూస్తూ నిలబడ్డాను.